జీతం అనే మాట

బీదరుకు నేను బ్యాంకు ఉద్యోగం మీద వచ్చింది 1979లో. వచ్చిన కొత్తలో ఒక నెలాఖరున, నాకున్న వచ్చీరాని కన్నడంలో పక్క సీటు ఆయనతో "నన్న జీత ఇన్నూ బందిల్ల" అన్నాను. నా జీతం ఇంకా రాలేదని చెప్పడం నా ఉద్దేశం. ఆయన కలం కింద పెట్టి, కళ్లజోడు తీసి పకపకా నవ్వాడు. "స్వామీ, మీరు జీతానికున్నారా? మేమంతా సంబళానికున్నాం" అన్నాడు.

కన్నడంలో నెలనెలా చేతికొచ్చే డబ్బు సంబళ. జీత అంటే అప్పు తీరేదాకా ఒకరి ఇంట కట్టుబడి చేసే చాకిరీ. జీతదాళు అంటే అలా కట్టుబడ్డ మనిషి. రెండు భాషల్లోనూ మాట ఒక్కటే. జీవితం అనే సంస్కృత పదమే అరిగి జీతమైందని పండితులు అంటారు. బతుకుతెరువు అని దాని అర్థం. తెలుగులో అది ఆఫీసు మెట్లెక్కి గౌరవం తెచ్చుకుంది. కన్నడంలో పశువుల కొట్టం దగ్గరే ఆగిపోయింది.

ఆ రోజు ఆయనతో పాటు నేనూ నవ్వాను. ఇంటికి పోయాక మాత్రం నవ్వు రాలేదు. మా వైపు పల్లెల్లో కూడా "జీతం ఉండుడు" అంటే బ్యాంకులో ఉండడం కాదు. జీతగాడు అంటే ఎవరో నాకు చిన్నప్పుడే తెలుసు. మా ఇంట్లోనే ఒకాయన ఉండేవాడు.

*

మా ఊరు న్యాల్‌కల్ వైపు. 1956 నవంబరు 1 దాకా అది బీదరు తాలూకాలోదే. నైజాం నాటి బీదరు జిల్లాలో కన్నడం, మరాఠీ, తెలుగు మూడూ ఇంటి భాషలే, కచేరీ భాష ఉర్దూ. రాష్ట్రాల పునర్విభజన రోజున ఆ జిల్లాను మూడు ముక్కలు చేశారు. ఉద్గీరు, నిలంగా, అహ్మద్‌పూరు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. బీదరు, భాల్కి, హుమ్నాబాదు, ఔరాదు మైసూరుకు వచ్చాయి. నారాయణఖేడు, జహీరాబాదు, వాటితో పాటు మా న్యాల్‌కల్ సర్కిలు ఆంధ్రప్రదేశ్‌లో మెదక్ జిల్లాకు చేరాయి. మేము అటు పోయాం. ఉద్యోగం పుణ్యమా అని నేను మళ్లీ ఇటు వచ్చి ఇక్కడి తెలుగువాడినయ్యాను. ఈ పత్రిక చదివేవారిలో ఇలాంటివారు చాలామంది ఉంటారు.

మా తాత పట్వారీ. ఆయన పోయాక రేకు పెట్టె ఒకటి అటక మీదికి చేరింది. ఉద్యోగ విరమణ తర్వాత తీరిక దొరికి దాన్ని దించాను. పహాణీ నకళ్లు, రసీదులు, కోర్టు కాగితాలు, అన్నీ ఉర్దూ షికస్తా రాతలో ఉన్నాయి. పాతబస్తీలోని ఒక పెద్దమనిషి, ఉర్దూ పండితుడు, వారం రోజులు కూర్చుని నాకు చదివి వినిపించాడు. ఒక కాగితం దగ్గరకొచ్చేసరికి ఆగి, "ఇది మీ ఇంటి కాగితమేనా?" అని అడిగాడు.

ఫసలీ 1343, అంటే ఇంగ్లీషు లెక్కన 1933-34. పెళ్లి ఖర్చుల కింద అరవై హాలీ రూపాయలు తీసుకున్నాను, ఆ రొక్కం తీరేదాకా పటేలు, పట్వారీ చెప్పిన పనల్లా చేస్తాను, మధ్యలో ఎక్కడికీ పోను, పోతే నా తమ్ముడు నా బదులు చేస్తాడు అని రాసి ఉంది. కింద ఒక వేలిముద్ర. ఆ పేరు నేను గుర్తుపట్టాను. చిన్నప్పుడు నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని జాతరకు తీసుకుపోయిన మనిషిది. మేము పిల్లలం ఆయన్ను "మామా" అని పిలిచేవాళ్లం. మా ఇంట్లో పెద్దలు మాత్రం "వాడు" అనేవారు.

1964లో కూడా ఆయన మా ఇంట్లోనే ఉన్నాడు. అరవై రూపాయలకు ముప్ఫై ఏళ్లు. బ్యాంకులో నా సర్వీసంతా వడ్డీలు లెక్కగట్టడంతోనే గడిచింది. ఈ లెక్క మాత్రం నాకు తేలలేదు. అందుకే చరిత్ర పుస్తకాలు ముందేసుకున్నాను. అలా తెలిసిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. నేను చరిత్రకారుణ్ణి కాను. పెట్టె తెరిచినవాణ్ణి, అంతే.

*

యూరపు మధ్యయుగ చరిత్రలో సెర్ఫ్ అనే మాట తరచు కనబడుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని అర్ధబానిస అనీ, వెట్టిరైతు అనీ రాస్తారు. బానిసకూ ఇతనికీ తేడా ఉంది. బానిసను సంతలో ఎద్దును అమ్మినట్టు అమ్మవచ్చు. సెర్ఫుకు గుడిసె ఉంటుంది, పెళ్లాం పిల్లలు ఉంటారు, దున్నుకోవడానికి కాస్త నేల ఉంటుంది. దానికి బదులు వారంలో కొన్ని రోజులు దొర పొలంలో ఉత్తపుణ్యానికి పని చేయాలి. ధాన్యం దొరగారి మరలోనే విసరాలి. కూతురి పెళ్లి చేస్తే దొరకు రుసుం కట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, ఊరు వదిలి పోకూడదు. నేల చేతులు మారితే నేలతో పాటు అతనూ మారతాడు.

ఇది ఎలా పుట్టిందని చూస్తే ఒక ఊట కాదు, మూడు కనిపిస్తాయి. మొదటిది పన్ను లెక్క. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ 332లో ఒక శాసనం చేశాడు. కౌలు రైతులు పారిపోతే పట్టి తెచ్చి పాత చోటనే అప్పగించాలని, పారిపోయే ఆలోచన ఉన్నవాళ్లకు సంకెళ్లు వేయవచ్చునని దాని సారాంశం. ఒక్కో పొలం మీద ఇంతమంది తలలు అని దస్త్రంలో రాసుకుని పన్ను వేశారు. తల తప్పిపోతే పన్ను తగ్గుతుంది. కాబట్టి తలను దస్త్రానికి కట్టేశారు. పట్వారీ మనవణ్ణి కనుక ఈ ముక్క దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

రెండోది భయం. సామ్రాజ్యం కూలి, దోపిడీ దండులు తిరిగే కాలంలో చిన్న రైతు తన నేలను, తనను కలిపి బలవంతుడికి అప్పజెప్పి ప్రాణం కాపాడుకున్నాడు. మూడోది పాత బానిసత్వమే. బానిసలను మేపడం కంటే తలా ఒక చెక్క ఇచ్చి బతకమనడం యజమానులకు చవక అయింది. పైనుంచి కిందికి దిగిన రైతూ, కిందినుంచి కాస్త పైకొచ్చిన బానిసా ఒకే గుడిసెలో కలుసుకున్నారు.

ఆర్థికవేత్త ఎవ్సే డోమార్ 1970లో ఒక మాట చెప్పాడు. ఖాళీ నేల, స్వేచ్ఛ గల రైతు, పనిచేయకుండా తినే భూస్వామి, ఈ మూడూ ఒకచోట ఇమడవట. ఖాళీ నేల ఉంటే రైతు పోయి తనే దున్నుకుంటాడు, భూస్వామి చేను బీడు పడుతుంది. అందుకని రైతు కాళ్లు కట్టేస్తారు. ఈ మాట సబబుగానే ఉంది గాని సగమే. 1347-51 మధ్య మహామారి వచ్చి యూరపులో మూడోవంతు జనానికి పైగా పోయారని అంచనా. పనిచేసే చేతులు కరువయ్యాయి. ఇంగ్లండులో దొరలు కూలి రేట్లు పెరగకుండా 1351లో చట్టం తెచ్చినా, 1381లో రైతులు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును అణిచివేశారు గాని, తర్వాతి నూరేళ్లలో అక్కడ ఈ కట్టు సడలిపోయింది. అదే కరువు తూర్పు యూరపులో రైతును మరింత బిగించింది. చేతులు కరువైతే కూలి పెరగనూవచ్చు, కాళ్లకు తాడూ పడవచ్చు. ఏది జరుగుతుందనేది ఊళ్లో రైతులు ఎంత ఒక్కటిగా ఉన్నారు, సర్కారు ఎవరి పక్షాన ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

*

ఈ తూర్పు యూరపు కథకు మన బీదరుతో ఒక చుట్టరికం ఉంది. రష్యాలోని త్వేరు పట్టణపు వర్తకుడు అఫనాసీ నికితిన్ 1470 ప్రాంతంలో బీదరు వచ్చాడు. మహమూద్ గవాన్ మదరసా అప్పుడు కడుతున్నారు, 1472లో పూర్తయింది. నికితిన్ తన యాత్రాకథనంలో ఈ ఊరి సంత గురించి రాశాడు. గుర్రాలు, పట్టు బట్టలు, సకల సరుకులతో పాటు మనుషులనూ అమ్ముతారని రాశాడు. పల్లెజనం నిరుపేదలనీ, ప్రభువులు మాత్రం వెండి పల్లకీల మీద ఊరేగే వైభవంలో ఉన్నారనీ రాశాడు.

ఆయన ఇల్లు చేరకుండానే దారిలో చనిపోయాడు. చేరి ఉంటే తన దేశంలో ఏం చూసేవాడు? 1497లో మూడో ఇవాన్ చట్టం చేశాడు. రైతు దొరను వదిలి పోవాలంటే ఏడాదిలో రెండు వారాలే గడువు, శరదృతువు చివర సెయింట్ జార్జి పండుగకు ముందొక వారం, తర్వాతొక వారం. కాలం గడిచినకొద్దీ ఆ రెండు వారాలూ పోయాయి. 1649 ధర్మశాస్త్రంతో రైతు వంశపారంపర్యంగా కట్టుబడ్డాడు. 1861లో రెండో అలెగ్జాండర్ విడుదల చేసేదాకా అదే బతుకు. మన పల్లెవాళ్ల పేదరికం చూసి నొచ్చుకున్న బాటసారి మనవలు, మునిమనవలు అంతకంటే గట్టి తాడుకు చిక్కారు.

నికితిన్ చెప్పిన సంతలో అమ్ముడుపోయిన మనిషికీ, పల్లెలో మిగిలిన పేదకూ తేడా ఉంది. ఆ తేడా చెప్పడానికి బీదరే సాక్ష్యం. బహమనీల తర్వాత ఇక్కడ రాజ్యమేలిన బరీద్‌షాహీల మూలపురుషుడు కాసిం బరీద్, సుల్తాను కొలువుకు డబ్బిచ్చి కొనుక్కొచ్చిన బానిస. బానిసగా వచ్చినవాడు మంత్రి అయ్యాడు, రాజవంశం నిలబెట్టాడు. ఆ వంశపు గోరీలు మన ఊరి పడమటి దిక్కున ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఊరికి వెట్టి చేసినవాడి కొడుకు తలారి కూడా కాలేదు. బానిసకు తల ఎత్తే దారి ఎక్కడో ఒకచోట ఉండేది, ఎందుకంటే అతను పరాయివాడు, అతనికి ఇక్కడ కులం లేదు. వెట్టివాడు ఈ ఊరివాడు. అతని చోటు అతను పుట్టకముందే నిర్ణయమైపోయింది.

*

వెట్టి అనే మాట చాలా పాతది. సంస్కృతంలో విష్టి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రాజుకు జనం చేసే ఉచితపు చాకిరీకి అదే పేరు. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో రుద్రదాముడు సుదర్శన తటాకాన్ని తిరిగి కట్టించినట్టు చెప్పుకున్నాడు. పన్నులతో, విష్టితో జనాన్ని పీడించకుండా తన బొక్కసం ఖర్చుతోనే కట్టించానని గొప్పగా వేయించాడు. విష్టి లేకుండా కట్టడం రాతి మీద చెక్కించుకోవలసినంత ఘనకార్యం అయిందంటే, మామూలుగా ఎలా కట్టేవారో మనం ఊహించుకోవచ్చు. తర్వాతి కాలపు దానశాసనాల్లో కొన్ని ఊళ్లకు విష్టి నుంచి మినహాయింపు ఇచ్చారు. మరికొన్నిటిలో విష్టి చేయించుకునే హక్కుతో సహా ఊరిని దానం చేశారు.

ఆ విష్టే తెలుగులో వెట్టి, కన్నడంలో బిట్టి, మరాఠీలో వేఠ్ అయింది. ఉర్దూ, ఫారసీ కచేరీలు బేగార్ అన్నాయి. బీదరు చౌబారా దగ్గర నిలబడి గంటసేపు చెవి ఒగ్గితే ఈ నాలుగు మాటలూ వినబడతాయి. ఇప్పుడు బిట్టి అంటే ఉచితంగా వచ్చినది అని వాడుక. తీసుకునేవాడి వైపు నుంచి చూస్తే అది ఉచితమే మరి.

మన దేశంలో యూరపు తరహా ఫ్యూడలిజం ఉండేదా అని చరిత్రకారులు చాలా వాదించుకున్నారు. ఆర్.ఎస్. శర్మ 1965లో తన గ్రంథంలో ఉండేదన్నాడు. గుప్తుల కాలం నుంచి భూదానాలు పెరిగి, రైతులు దానగ్రహీతల చేతిలో చిక్కి, విష్టి భారం పెరిగిందని ఆయన వాదం. హర్బన్స్ ముఖియా ఆ వాదాన్ని కాదన్నాడు. ఇక్కడి రైతు సొంత ఎడ్లతో, సొంత నాగలితో తనే సేద్యం చేసుకున్నాడు, రాజు పంటలో భాగం పట్టుకుపోయాడు తప్ప రైతు శ్రమను తన పొలానికి కట్టేసుకోలేదన్నాడు. ఇర్ఫాన్ హబీబ్ ఇంకో సంగతి గుర్తుచేశాడు. అంటరానివాళ్లుగా ముద్రవేసి, నేల దక్కకుండా చేసిన కులాలు ఊరి రైతులందరికీ చవక కూలీల నిల్వగా మిగిలారన్నాడు.

నా పెట్టెలోని కాగితం పక్కన పెట్టి చూస్తే మూడోమాట నాకు దగ్గరగా తోచింది. యూరపులో మనిషిని నేలకు కట్టారు. ఇక్కడ నేలే ఇవ్వలేదు, కాబట్టి గడపకు కట్టారు. కట్టిన తాళ్లు మూడు. ఒకటి కులం. ఫలానా కులంవాడు సర్కారీ మూట మోయాలి, ఫలానావాడు చెప్పులు కుట్టి ఇవ్వాలి, ఫలానావాడు కుండలు పంపాలి. అది వెట్టి. రెండోది వతను. ఊరి చాకిరీకి బదులు కల్లంలో గింజలు, కొద్దిపాటి ఇనాం చెక్క. మరాఠీవాళ్లు బలుతా అన్నదీ, తెలుగువాళ్లు ఆయం అన్నదీ ఇదే. మూడోది అప్పు. అదే జీతం, అదే భగేలా. చాలామంది ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడతారు. నిజానికి మొదటిది ఊరికీ సర్కారుకూ చేసేది, మూడోది ఒక ఇంటికి చేసేది. అయితే మొదటి రెండు తాళ్లూ ఉన్నవాడి మెడకే మూడోది సులువుగా పడుతుంది.

*

ఈ నేల మీద దీన్ని కాదన్నవాళ్లు లేకపోలేదు. మన జిల్లాలోని కల్యాణంలోనే, 12వ శతాబ్దంలో, కలచుర్య బిజ్జలుడి కొలువులో భండారం చూసిన బసవన్న కాయకం అనే మాటను నిలబెట్టాడు. ఏ పనైనా పూజే, పని చేసేవాడు ఏ కులంవాడైనా తక్కువ కాడు అన్నది దాని సారం. చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కూ, బ్రాహ్మడు మధువరసు కూతురికీ పెళ్లి జరిగిందనీ, ఆ పెద్దలిద్దరినీ రాజు ఘోరంగా చంపించాడనీ శరణుల సంప్రదాయం చెబుతుంది. ఆ తర్వాత కల్యాణం అట్టుడికింది, శరణులు చెదిరిపోయారు.

ఆ బసవన్న కథను కావ్యంగా చెప్పినవారిలో ఒకడు తెలుగువాడు, పాల్కురికి సోమనాథుడు. ఆయన ద్విపద బసవపురాణాన్నే భీమకవి 1369లో కన్నడంలోకి తెచ్చాడు. కన్నడ నేలలో ఉంటున్న మనకు ఇది కాస్త ఛాతీ ఉప్పొంగే సంగతి. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. సోమనాథుడిది ఓరుగల్లు వైపు పాలకుర్తి అని తెలుగువారి నమ్మకం. వెట్టినీ దొరతనాన్నీ ఎదిరించి, తన కౌలు పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనీయకుండా నిలబడిన చాకలి ఐలమ్మదీ ఆ పాలకుర్తే. మధ్యలో ఏడు వందల ఏళ్లు. ఈ రెండు పేర్ల మధ్య చరిత్ర ఏదైనా దారం కట్టిందని నేను అనను. మనం కట్టుకోవచ్చు.

*

ఆ ఏడు వందల ఏళ్లలో బీదరును ఎందరు ఏలారో లెక్కపెట్టండి. బహమనీ అహ్మద్‌షా ఇక్కడికి రాజధాని మార్చి, ఎర్రరాతిని తొలిచి మూడు వరసల కందకంతో కోట కట్టించాడు. మహమూద్ గవాన్ నాలుగు తరఫులను ఎనిమిది చేశాడు, తరఫుదారుకు ఒక్క కోటే మిగిల్చాడు, భూమిని కొలిపించాడు. దొంగ ఉత్తరం కుట్రలో 1481లో తల పోగొట్టుకున్నాడు. తర్వాత బరీదులు, 1619లో బిజాపూరు, 1657లో ఔరంగజేబు, 1724 నుంచి ఆసఫ్‌జాహీలు. పైన జెండా మారినప్పుడల్లా కింద పటేలు, పట్వారీ, దేశ్‌ముఖ్, దేశ్‌పాండే అలాగే ఉన్నారు. ఎవడొచ్చినా లెక్క చెప్పేవాడు కావాలి కదా. లెక్క చేతిలో ఉన్నవాడికి ఊరు చేతిలో ఉంటుంది.

నైజాం రాజ్యంలో సుమారు అరవై శాతం నేల దివానీ, పది శాతం నైజాం సొంత ఖర్చుల సర్ఫ్-ఎ-ఖాస్, మిగతా ముప్ఫై శాతం జాగీర్లు. బీదరు వైపు పాయెగాల ఊళ్లు చాలా ఉండేవి. అధికారి దౌరాకు వస్తే కట్టెలు, కోళ్లు, పాలు, మంచాలు, మూటలు మోసే మనుషులు, అన్నీ ఊరే ఇచ్చుకోవాలి. మాదిగవారు చెప్పులు, తోలు బొక్కెనలు ఇవ్వాలి. కుమ్మరి కుండలు, గొల్లవారు గొర్రెలు ఇవ్వాలి. చాకలి, మంగలి డేరా దగ్గర కాచుకుని ఉండాలి. దొరల ఇళ్లలో ఆడబిడ్డ పెళ్లయితే ఆమె వెంట ఆడబాపను పంపడం కూడా ఉండేది. అంటే ఒక పేద ఇంటి ఆడపిల్ల బతుకంతా అరణంగా పోయేది.

1921లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్ర జనసంఘం వెట్టి మాటను బహిరంగంగా ఎత్తింది. 1930లో మనకు పొరుగునే ఉన్న జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అదే ఏడాది జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ బలవంతపు చాకిరీకి వ్యతిరేకంగా ఒప్పందం చేసింది. 1936లో నైజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద ఒక రెగ్యులేషను తెచ్చింది. మా ఇంటి కాగితం అప్పటికి రెండు మూడేళ్ల వయసుది. రెగ్యులేషను ఊళ్లోకి రావాలంటే పట్వారీ చదివి చెప్పాలి. పట్వారీ మా తాత.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక తెలంగాణ పల్లెలు సాయుధమయ్యాయి. వెట్టి ఆ పల్లెల్లో చట్టంతో పోలేదు, సంఘంతో పోయింది. ఇంగ్లండు రైతు విషయంలో చెప్పిన మాటే ఇక్కడా వర్తిస్తుంది. 1948 సెప్టెంబరులో నైజాం పాలన పోయింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. అదే ఏడు రాజ్యాంగం 23వ అధికరణం బేగార్‌ను నిషేధించింది. ఆ మాటను రాజ్యాంగంలో ఉన్నదున్నట్టు బేగార్ అనే రాశారు. వేల ఏళ్ల చాకిరీకి ఇంగ్లీషులో సరైన మాట దొరకలేదు కాబోలు.

చివరగా 1975 అక్టోబరు 25న ఆర్డినెన్సు, 1976 ఫిబ్రవరిలో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చాయి. ఆ చట్టం మొదట్లో నిర్వచనాల దగ్గర దేశంలోని ఈ చాకిరీల పేర్లు వరసగా ఇచ్చారు. భగేలా, జీత, పాలేరు, వెట్టి, అన్నీ ఉన్నాయి. మన మాటలు పార్లమెంటు చట్టంలోకి ఎక్కిన సందర్భాలు తక్కువ. ఎక్కినవి ఇవి. ఆ చట్టం ప్రకారం కట్టుబడ్డవాడి అప్పు చెల్లిపోయినట్టే, తాకట్టు పెట్టిన ఆస్తి తిరిగి ఇవ్వాలి. 1982లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయే అంది.

*

మళ్లీ నా లెక్కకు వస్తాను. బ్యాంకులో అప్పుకు అసలు, వడ్డీ అని రెండు గళ్లు ఉంటాయి. భగేలా కాగితంలో ఒక్కటే గడి. చేసే చాకిరీ వడ్డీ కింద చెల్లు. అసలు అలాగే నిలబడి ఉంటుంది. నెలకిన్ని జొన్నలు, ఏడాదికొక గొంగడి, ఒక చెప్పుల జత ఇస్తారు గనుక మనిషి చావడు. ఇంట్లో జబ్బు చేస్తేనో, చెల్లెలి పెళ్లికో ఇంకో పది తీసుకుంటాడు గనుక అసలు పెరుగుతుందే గాని తరగదు. చదువు రాదు గనుక కాగితంలో ఏముందో అడగడు. ఇది అప్పు కాదని నాకు ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. మా తాతకు తెలియకుండా ఉంటుందా?

మా తాత దుర్మార్గుడు కాదు. సంధ్యవార్చుకునేవాడు, పోతన పద్యాలు కంఠతా వచ్చు, కరువులో గాదె తీసి పంచాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. "మామ"కు జ్వరమొస్తే తనే కషాయం కాచి ఇచ్చేవాడని మా అమ్మ చెప్పేది. ఇదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. చెడ్డవాళ్ల వల్ల నడిచే వ్యవస్థ అయితే చెడ్డవాళ్లు పోగానే ఆగిపోయేది. మంచివాళ్లకు కూడా సహజంగా తోచింది కనుకనే ఇన్నేళ్లు నడిచింది.

పోయిన ఏడు నేను జహీరాబాదు పోయి "మామ" మనవణ్ణి వెతికి పట్టుకున్నాను. లారీ నడుపుతాడు. కొడుకును పాలిటెక్నిక్ చదివిస్తున్నాడు. కాగితం అతని చేతికిచ్చి, ఇది మీది, ఏం చేసినా మీ ఇష్టం అన్నాను. చింపేస్తాడనుకున్నాను, తిడతాడని కూడా అనుకున్నాను. అతను చాలాసేపు ఆ వేలిముద్రనే చూశాడు. తర్వాత పక్క దుకాణానికి పోయి జిరాక్సు తీయించుకొచ్చి, అసలు కాగితం నాకే తిరిగి ఇచ్చాడు.

"ఇది మీరే ఉంచుకోండ్రి సారూ. అప్పు కాగితం అప్పిచ్చినోళ్ల తాననే ఉండాలె. మా పిలగానికి సూపెట్టనీకి ఈ నకలు సాలు" అన్నాడు. ఛాయ్ తాగిపొమ్మన్నాడు. తాగాను.

ఇప్పుడది మళ్లీ నా దగ్గరే ఉంది, ఉర్దూ పండితుడు చదివినదంతా తెలుగులో రాసి దాని వెనక అంటించాను. నా మనవరాలు బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగంలో చేరి మొదటి జీతం వచ్చిందని ఫోను చేసినప్పుడు, ఈసారి సెలవుకు వస్తే ఒక కాగితం చూపిస్తానని చెప్పాను.

ఈ పత్రిక పాఠకుల్లో పాత వతనుదార్ల ఇళ్లవారు ఉన్నారు, చాకిరీ చేసిన ఇళ్లవారూ ఉన్నారు. నాదొక మనవి. మీ అటకల మీద ఇలాంటి పెట్టెలు ఉంటే చెదలకు వదలకండి. సిగ్గుపడి కాల్చనూ కాల్చకండి. ఆ లిపి చదవగల పెద్దలు మన ఊళ్లో ఇంకా ఉన్నప్పుడే చదివించుకోండి.